రెండూ సగమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో గలగలా తెలుగే. భిన్నాల లెక్క తెలుగులో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. రెండు భాషలూ సగం సగమే వచ్చాయా?
– ఒక తల్లి, హోసూరు (తమిళనాడు)

జవాబు: కాదమ్మా. నేనూ మీ హోసూరులోనే పెరిగాను. ఎక్కాలు తమిళ బళ్లో నేర్చాను. ఈ రోజుకీ కూరగాయల కొట్టులో లెక్క వేస్తుంటే పెదాల మీద ‘ఏళెట్టు ఐంబత్తారు’ అనే వస్తుంది. ‘ఏడెనిమిదులు యాభై ఆరు’ అనడానికి ఒక్క క్షణం ఆగాలి. సంగటి కెలకడం, ఈనిన ఆవుకు చేసే సేవ, చావింట్లో పలకరింపు... ఇవన్నీ నాకు తెలుగులోనే వచ్చు. తమిళంలో తడుముకుంటాను.

ఫ్రాన్స్వా గ్రోజాన్ అనే భాషాశాస్త్రవేత్త 1997లో దీన్ని పరిపూరక సూత్రం అన్నారు. రెండు భాషలవాళ్లు ఒక్కో భాషను వేర్వేరు పనులకూ, వేర్వేరు మనుషులతోనూ వాడతారు. ఏ పనికి వాడని భాషలో ఆ పని మాటలు రావు. అందుకే పిల్లవాణ్ణి ఒక్క భాషలోనే తూచి ‘వెనకబడ్డాడు’ అంటే నాకు బాధేస్తుంది.

లవం (భిన్నంలో పైనుండే అంకె), హారం (కిందనుండే అంకె) అనే మాటలు మీవాడి చెవిన ఎప్పుడైనా పడ్డాయా? ఈ పూట దోసె నాలుగు ముక్కలు చేసి, మూడు వాడి పళ్లెంలో వేసి, ఆ మాటలు చెప్పి చూడండి.