ఘాట్ ఎక్కేటప్పుడే ఇంజిన్ వేడెక్కుతోంది

ప్రశ్న: మాకు పాత పెట్రోలు కారు ఉంది. ఊళ్లో ఎంత తిరిగినా ఇబ్బంది లేదు గానీ, రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. చదునైన రోడ్డెక్కాక తగ్గుతోంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా రెండేళ్లుగా బోరు నీళ్లే పోస్తున్నాము. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం అతుకులో ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలని మెకానిక్ అంటున్నారు. విప్పించమంటారా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ఇప్పుడే విప్పించకండి. ఫ్యాను చెడిపోయి ఉంటే ముల్లు ముందుగా ఊళ్లోనే, సిగ్నల్ దగ్గర బండి నిలిచినప్పుడే పైకి లేచేది. అయినా ఏసీ వేసి, ఫ్యాను తిరుగుతోందో లేదో ఒకసారి చూడండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానమంతా రేడియేటర్ మీదే. చదును మీద ఇంజిన్‌కు పుట్టే వేడి తక్కువ కాబట్టి సగం పూడుకున్న రేడియేటర్ కూడా నెట్టుకొస్తుంది. ఎత్తు మీద ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు ఆ రేడియేటర్ శక్తి చాలదు. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నట్టే, రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ పేరుకుంటాయి. పైగా నీళ్లు కలిసేకొద్దీ కూలెంట్‌లో తుప్పును ఆపే మందు పలుచబడుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, అంటే ఉదయం బండి తీయకముందు, రేడియేటర్ మూత విప్పి దాని రబ్బరు చూడండి. ఆ మూత సుమారు 1 బార్ ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కాబట్టే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. రబ్బరు పగిలితే కూలెంట్ ఆవిరిగా బయటికి పోతుంది. అందుచేత మట్టం తగ్గినంత మాత్రాన గాస్కెట్ పోయిందని తేల్చకూడదు. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, గడ్డి ఇరుక్కుని ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా పై హోస్ కాలుతూ, కింది హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే కవాటం) తెరుచుకోవడం లేదనో, రేడియేటర్ పూడిందనో అర్థం. థర్మోస్టాట్‌ను విప్పి, వేడి నీళ్లలో వేసి, దాని మీద ముద్రించిన డిగ్రీలు దాటాక తెరుచుకుంటోందో లేదో చూడవచ్చు. దాన్ని తీసేసి బండి నడపమని ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకండి. ఇంజిన్ చాలినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

హెడ్ గాస్కెట్ పోతే లక్షణాలు వేరు. ఇంజిన్ ఆయిల్ పాల టీలా మారుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ ఆగకుండా వస్తుంది, చల్లని ఇంజిన్ స్టార్టు చేసిన కొద్దిసేపటికే హోసులు గట్టిపడతాయి, రేడియేటర్‌లో బుడగలు వస్తూనే ఉంటాయి. ఇవన్నీ ఒకేసారి కనబడాలని లేదు కాబట్టి, కూలెంట్‌లోకి ఇంజిన్ వాయువులు చేరుతున్నాయేమో చూసే పరీక్ష చేయించండి. ఆ పరీక్షలో వాడే నీలి ద్రవం పసుపు రంగుకు తిరిగితేనే విప్పే మాట ఆలోచించాలి.

ఈలోగా ఘాట్‌లో ముల్లు లేస్తే ఏసీ ఆపి హీటర్ వేయండి. అప్పటికీ ఎర్రగీత చేరితే వెడల్పైన చోట బండి ఆపేయండి. వేడి మీద మూత తీయడం, ఇంజిన్‌పై చన్నీళ్లు పోయడం ఎంతమాత్రం వద్దు. రేడియేటర్ శుభ్రం చేయించాక, లేదా కొత్తది వేయించాక, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో పోయించి, గాలి పూర్తిగా పోయేలా చూసుకుని, మర్నాడు ఉదయం మట్టం మరోసారి సరిచూడండి.