పచ్చళ్ల లెక్కలో అసమీకరణాలు

రేఖీయ అసమీకరణాలు (గ్రాఫ్ మీద సరళరేఖ హద్దుగా ఉండే, ≤ లేదా ≥ గుర్తుతో రాసే షరతులు) పరీక్షల్లో తప్ప బయట పనికొస్తాయా అని కదా ప్రశ్న. భేషుగ్గా పనికొస్తాయి, గుంటూరులో పచ్చళ్లు పెట్టి అమ్మే మా పిన్ని లెక్కే చూడండి.

కిలో గోంగూరకి 300 గ్రాముల నూనె, ఆకు గిల్లి, కడిగి, ఆరబెట్టి వేయించేసరికి గంట పని (గిల్లడమే సగం చాకిరీ). కిలో పండుమిర్చికి 200 గ్రాములు, అరగంట. చేతిలో ఉన్నది 6 కిలోల నూనె, 16 గంటల ఓపిక. గోంగూర 'గ' కిలోలు, పండుమిర్చి 'ప' కిలోలు అనుకుంటే:

3గ + 2ప ≤ 60 (నూనె, వంద గ్రాముల లెక్కన)
2గ + ప ≤ 32 (పని, అరగంటల లెక్కన)

గ, ప రెండూ సున్నాకి తగ్గకూడదు. ఒక్కో షరతుకి ఒక గీత గీస్తే, గ్రాఫ్ మీద రెండు గీతలకీ లోపలున్న ఏ చుక్కైనా చేయగలిగిన పనే, కానీ గరిష్ఠ లాభం మాత్రం ఏదో ఒక మూలలో (హద్దు గీతలు ఒకదాన్నొకటి కలిసేచోట) దొరుకుతుంది.

కిలోకి గోంగూర మీద 100, పండుమిర్చి మీద 60 మిగులుతుంది కాబట్టి అంతా గోంగూరే పెడదామంటుంది పిన్ని: 16 కిలోలు, 1600 రూపాయలు. అంతా పండుమిర్చి అయితే 30 కిలోలు, 1800. నూనె, పని గీతలు కలిసేచోట 4 కిలోల గోంగూర, 24 కిలోల పండుమిర్చి, 1840!

సరుకులు పదైతే గ్రాఫ్ చాలదు, ఎక్సెల్‌లో ఇలాంటి లెక్కలు చేసిపెట్టే సాల్వర్ వాడండి. అందులోని సింప్లెక్స్ పద్ధతి, 1947లో అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టింది, ఇలా మూల నుంచి మూలకి నడిచేదే.