పితికిపప్పు మే నెలలో ఎందుకు లేదు?

ప్రశ్న: మాది కాకినాడ. ఉద్యోగరీత్యా ఎనిమిదేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. చింతామణి దాటి మదనపల్లె వెళ్లే దారిలో మాకెంతో ఇష్టమైన ఒక పల్లెటూరి హోటలుంది. జనవరిలో అక్కడ తిన్న రాగిసంగటి, పితికిపప్పు కూర మా ఇంటిల్లిపాదికీ మరపు రాలేదు. ఆ కూర కోసమే మే నెలలో మా అత్తగారిని తీసుకెళితే, ‘ఇప్పుడు లేదమ్మా’ అని చింతచిగురు పప్పు, మామిడికాయ పచ్చడి వడ్డించారు. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. ఆ కూర వండేది అనపకాయ గింజలతోనే కదా, నగరంలో ఏడాది పొడవునా దొరికే ఆ కాయలు ఆ పల్లెలో ఎందుకు లేవండీ?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందుగా పేరు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ అత్తగారికి ఇక్కడే కొంత తికమక కలిగి ఉండవచ్చు. మీ కాకినాడ వైపు ఆనపకాయ అంటే సొరకాయ. మా చిత్తూరు, కోలారు సీమల్లో దీర్ఘం లేకుండా పలికే అనపకాయ చిక్కుడు జాతిది, కన్నడిగుల అవరెకాయి.

నాటు అనప మొక్క పగటి పొద్దును బట్టి నడుచుకుంటుంది. వానకాలంలో విత్తినా, పగలు కురచబడి రాత్రి పెరిగితే గాని పూతకు రాదు. అందుకే మార్గశిర, పుష్య మాసాల మంచులోనే కాయ చేతికి వస్తుంది. నగరంలో మీకు వేసవిలోనూ కనిపించేవి చాలావరకు పొద్దుతో పనిలేకుండా కాసే రకాలు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 అటువంటివే. రైతుకు ఏ కాలంలోనైనా నాలుగు డబ్బులు తెచ్చిపెట్టే ఆ పంటను నేను తప్పు పట్టను. అయితే చలికాలపు నాటుకాయ ఒలిచినప్పుడు వేళ్లకు జిడ్డుగా అంటుకునే ఆ వాసన, కన్నడిగులు ‘సొగడు’ అని మురిసిపోయే ఆ వాసన, వేసవి కాయలో నాకు ఏనాడూ తగల్లేదు. ఆ హోటలువారు పట్నం నుంచి కాయలు తెప్పించి మీకు కూర వండిపెట్టగలిగేవారే. వండకపోవడం వారి నిజాయితీ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొక సంగతి ఉంది. ఆ మెట్ట పొలాల్లో రాగి పైరు మధ్య సాళ్లుగా అనప విత్తడం పాత పద్ధతి. రాగి కోసుకున్నాక, వెనుకగా అనప కాయ పడుతుంది. అంటే జనవరిలో మీ విస్తట్లో ఉన్న సంగటి, దాని పక్కన కూర, ఒకే చేలో కలిసి పెరిగి ఉండవచ్చు. ఆ జోడీ అంతగా కుదరడానికి వంటవారి చేయి ఎంత కారణమో, ఆ చేనూ అంతే కారణం.

మే నెలలో వడ్డించిన చింతచిగురు కూడా ఇలాంటిదే. లేత ఎరుపు రంగు పోకముందే కోసి, అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరి పప్పులో వేయాలి, ముదిరితే పీచు. శ్రీనివాసపురం మామిడితోటలు అక్కడికి దగ్గరే కాబట్టి, పచ్చడిలోని కాయ ఎక్కడో దూరాన కోసింది అయి ఉండదు. మీ అత్తగారికి ఆ రోజు దక్కింది తక్కువ భోజనం కాదని నెమ్మదిగా చెప్పండి. ఇకమీదట అక్కడికి వెళ్లినప్పుడు ఫలానా కూర ఉందా అని కాక, ఈరోజు ఏం వండారని అడగడం మంచిది.

ఆవిడకు పితికిపప్పు తినిపించాలనే మీ కోరిక మాత్రం సంక్రాంతి దాకా ఆగితే తీరుతుంది. వెళ్లబోయే ముందురోజు పొద్దుగూకక ముందే హోటలుకు ఫోను చేసి ఎంతమంది వస్తున్నారో చెప్పండి. ఒలిచిన గింజలు రాత్రంతా నీళ్లలో నానాలి. తెల్లవారి ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పితికితే, పలుచని తోలు వేళ్లలో మిగిలి, పచ్చని పప్పు గిన్నెలోకి జారిపడుతుంది. పదిమందికి సరిపడా పితికేసరికి వేలికొసలు నీటికి ముడతలు పడిపోతాయి. ఆ పనికి ఇద్దరు ముగ్గురు కూర్చోవాలి గనుక, అప్పటికప్పుడు వెళ్లి అడిగితే వారు కాదనక తప్పదు.