గోల్ఫ్ యాత్ర సంక్రాంతి దాటాకే

ప్రశ్న: గల్ఫ్‌లో ఉన్నప్పుడు గోల్ఫ్ అలవాటైంది. నలుగురం జనవరిలో నాలుగు రోజులు వెళ్లాలనుకుంటున్నాం. ఎక్కడ ఆడాలి? ఎక్కడ దిగాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పండగ వారంలో రైళ్లు, గదులు దొరకవు. 20 తర్వాత పెట్టుకోండి. మీకు దగ్గరిది విశాఖ ముడసర్లోవలోని ఈస్ట్ పాయింట్ కోర్సు, 18 హోల్స్ (బంతి వేయాల్సిన గుంతలు). రాజమండ్రిలో రైలెక్కితే సరి. బస ఎంవీపీ కాలనీ వైపు చూసుకోండి, తెల్లారగట్ల ఆటో తేలిగ్గా దొరుకుతుంది. శని, ఆదివారాలు సభ్యుల రద్దీ ఉంటుంది కాబట్టి మంగళ, బుధవారాలు అడగండి. సోమవారం చాలా కోర్సులకు సెలవు. అతిథులకు హ్యాండిక్యాప్ (ఆట స్థాయి) సర్టిఫికెట్ కావాలా, గ్రీన్ ఫీజులో (ఆడేందుకు కట్టే రుసుము) సంచి మోసే క్యాడీ కూలి కలిసిందా అన్నది ముందే ఫోన్‌లో తేల్చుకోండి. కాలర్ లేని టీషర్టుతో వెళ్తే గేటు దగ్గరే ఆగిపోతారు. 18 హోల్స్‌కు నాలుగు గంటల పైనే పడుతుంది, ఆరున్నరకే మొదలుపెడితే ఎండ తప్పుతుంది.

అసలు దెబ్బ తగిలేది సామానుకే. సంచిలోని క్లబ్బుల్లో (బంతి కొట్టే కర్రలు) డ్రైవర్ అనేదే అన్నిటికన్నా పొడుగు. సంచి తలకిందులుగా పడితే బరువంతా దాని మీదే పడి, తల దగ్గర షాఫ్ట్ (కాడ) విరుగుతుంది. డ్రైవర్ కన్నా రెండంగుళాలు పొడుగున్న గట్టి కర్ర మధ్యలో నిలబెట్టండి, క్లబ్బుల తలలకు తువ్వాళ్లు చుట్టండి. ఆటకు 14 క్లబ్బులకు మించి ఉండకూడదు, మిగతావి మోయడం దండగ.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయా ఖిలా కోర్సు చూడముచ్చటగా ఉంటుంది కానీ, నాలుగు రోజుల్లో రెండు ఊళ్లంటే రైల్లోనే గడిచిపోతుంది. ఆఖరి రాత్రి మీ కోనసీమలోని దిండిలో హౌస్‌బోట్ తీసుకోండి.