రోజువారీ కారుకి షార్ట్ షిఫ్టర్: ఎంత తగ్గించాలి?

గేర్ లివర్ కదిలే దూరాన్ని తగ్గించే కిట్‌నే షార్ట్ షిఫ్టర్ అంటారు. పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్‌లో రోజూ బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ మీదుగా ఆఫీసుకి వెళ్తున్నానని, ఆ దూరం 40 శాతం తగ్గించే కిట్ వేయించొచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. వద్దండీ. ఆ రూటుకి 20–25 శాతం చాలు.

లివర్ కదిలే దూరం 30 శాతం తగ్గితే చేతి బలం 40 శాతం పైనే ఎక్కువ పెట్టాలి. 40 శాతం తగ్గిస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఒకటి, రెండు మధ్యే తిప్పే ట్రాఫిక్‌లో మణికట్టు పట్టేస్తుంది. పైగా గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రో రింగుకి కావలసిన టైం మారదు. లివర్‌ని విసురుగా తోస్తుంటే అది అరిగి, రెండో గేరు కరకరమంటుంది.

మీది కేబుల్ లింకేజీ, అంటే లివర్ కదలిక కేబుళ్ల ద్వారా గేర్‌బాక్స్‌కి చేరుతుంది. గేర్‌బాక్స్ మీద ఆ కేబుళ్లు లాగే సెలెక్టర్ ఆర్మ్‌ని మార్చే కిట్ చూడండి; మాజ్దా మియాటా లాంటి స్పోర్ట్స్ కార్లలో బాక్స్‌లోకి నేరుగా దిగే లివర్ దీనికి పనికిరాదు. ముందువెనకల దూరం మాత్రమే తగ్గించేదైతే మేలు. పక్కలకి కూడా తగ్గితే, ఐదు నుంచి నాలుగు వేయబోయి రెండులో పడొచ్చు. అప్పుడు ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ కూడా ఇంజన్‌ని కాపాడలేదు.

బిగించాక న్యూట్రల్‌లో లివర్ లాక్ చేసి కేబుళ్లు సరిచేయాలి. ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ, రివర్సూ వేసి చూడండి. ఏదైనా సగంలో ఆగితే మళ్లీ సర్దించాల్సిందే, లేదంటే రోడ్డు మీద జారి బయటికొస్తుంది.

అసలు కిట్ కొనేముందు కేబుల్ చివర ఉండే బుష్‌లు (మెత్తని తొడుగులు) మెకానిక్‌కి చూపించండి. లివర్ వదులుగా ఊగుతుంటే చాలాసార్లు దోషం అక్కడే, ఖర్చూ తక్కువే. మెటల్ బుష్‌లు మాత్రం వద్దు, గేర్‌బాక్స్ రొదంతా క్యాబిన్‌లోకి వస్తుంది.