ఎనామిలా, పాలిషా అన్నది తర్వాత... ముందు ఆ అల్మారాను ఎండలోంచి తీయండి

వేపచెక్కతో సొంతంగా అల్మారా చేసుకున్నాను, ఎనామిల్ వేయాలా పాలిష్ పట్టించాలా అని అడిగారు. వేప అంటున్నారు కాబట్టి ఎనామిలే వేయండి. వేపలో నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది. రందా ఎంత బాగా పట్టినా అక్కడక్కడా పోగులు లేస్తాయి, పాలిష్ కింద అవన్నీ కనబడతాయి. పాలిష్ టేకుకే అందం.

మీ ఫొటోలో అల్మారా నడి వాకిట్లో ఎండకు ఉంది. నాకు అసలు టెన్షన్ అదే.

నల్లగొండ దగ్గర మా ఊళ్లో గాలివానకు పొలం గట్టు మీది వేపచెట్టు పడిపోతే, మా నాయిన దాన్ని పలకలు కోయించాడు. కొట్టంలో నీడకు, పలకకూ పలకకూ మధ్య బద్దలు పెట్టి పేర్చి, ఏడాది పైనే ఆరనిచ్చాడు. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. తర్వాత వడ్లాయనను పక్కన పెట్టుకుని తనే అల్మారా చేశాడు. రంగుకు మాత్రం టౌన్ నుంచి పెయింటర్‌ను పిలిచాం.

మే నెల. అతను అల్మారాను ఎండలోకి జరిపి మొదటి కోటు కొట్టాడు. మా నాయిన వద్దంటే, "నీకు తెల్వదు కాకా, ఈ ఎండకు గంటల ఆరిపోతది" అని రెండోది కూడా వెంటనే ఎక్కించాడు. పొద్దు గూకక ముందే తలుపు మీద రంగు పాల మీది మీగడలా ముడతలు పడింది. గోరుతో నొక్కితే కింద ఇంకా మెత్తగానే ఉంది. ఎండకు పైపొర గట్టిపడి లోపలి టర్పెంటైన్ బయటికి రాలేదు, దాని మీద రెండో కోటు పడేసరికి కింది పొర ఉబ్బింది. అతనేమో చెక్క పచ్చిగా ఉందని నెపం వేసి, కూలి తీసుకుని వెళ్లాడు. ఏడాది ఆరిన చెక్కను పచ్చిదంటే మా నాయినకు ఎంత బాధ! నాకు ఇప్పటికీ కోపమే.

రంగంతా గీకేసి మేమే మళ్లీ చేశాం. 80 నంబరు సాండ్ పేపర్, తర్వాత 120, నార వెంబడే. దుమ్ము తుడిచి వుడ్ ప్రైమర్, ఆరాక గుంతలకు లప్పం, 220తో నున్నగా రుద్ది, వసారా నీడలో ఎనామిల్ పల్చగా రెండు కోట్లు. కోటుకూ కోటుకూ మధ్య ఒక రాత్రి తప్పకుండా ఆగాలి. తలుపుల కబ్జాలు విప్పి పక్కన పెట్టండి, వాటికీ రంగు పూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో మాట. చాలామంది బయట తళతళలాడేలా వేసి, లోపలా వెనకా పచ్చి చెక్కనే వదిలేస్తారు. వానాకాలంలో ఆ వైపే తేమ పీల్చి పలక వంగుతుంది, తలుపు పట్టేస్తుంది. అప్పుడు చెక్క మంచిది కాదంటారు, దాని మీద సన్‌మైకా అంటిస్తారు! కనబడని వైపు కూడా కనీసం ప్రైమర్, ఒక కోటు వేయండి.

వచ్చే వారమే సామాను సర్దాలని రాశారు. చేతికి అంటకపోయినా ఎనామిల్ లోపల గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. అప్పటిదాకా తలుపులు తీసే ఉంచండి, అరల్లో న్యూస్ పేపర్ పరవకండి, అక్షరాలతో సహా అంటుకుపోతుంది.