పిల్లాడి మీద ఆ భారం పెట్టకు

చిరంజీవి నాన్నకు మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఆఫీసులో పరిచయమైన ఆమెతో అప్పుడప్పుడూ భోజనానికి వెళ్తున్నానని, ఇంటికొచ్చి పిల్లాడి ముఖం చూడగానే ఏదో నేరం చేసినట్టు ఉంటోందని రాశావు. అందులో నేరమేమీ లేదురా. కోడలు పోయి రెండేళ్లు దాటింది. ఆ పిల్లను చివరి నెలల్లో ఎలా కనిపెట్టుకుని ఉన్నావో మా అందరికీ తెలుసు. ఈ వయసులో తోడు కావాలనిపిస్తే ఆమెను మర్చిపోయినట్టు కాదు. వెళ్లు.

ఎలా వెళ్లాలన్నదే నేను చెప్పదలచుకున్నది. నేను మీ మామయ్యను చేసుకునేనాటికి మీ వదిన ఆరేళ్ల పిల్ల, తల్లి లేదు. అలాంటి ఇంట్లో రెండో మనిషిగా అడుగుపెట్టినదాన్ని కాబట్టి నా మాట కాస్త విను.

ముందు ఒక పాత సినిమా చూడు. పిల్లాడు పడుకున్నాక ఒక్కడివే చూడు. పేరు ‘ద కోర్ట్‌షిప్ ఆఫ్ ఎడ్డీస్ ఫాదర్’, 1963లో వచ్చింది, దర్శకుడు విన్సెంట్ మినెల్లీ. కథ మీ పక్కనున్న న్యూయార్క్‌లోనే. రేడియో సంస్థలో పనిచేసే టామ్‌కి భార్య పోయింది, చిన్న కొడుకు ఎడ్డీ మిగిలాడు. తండ్రిగా గ్లెన్ ఫోర్డ్, కొడుకుగా రాన్ హోవార్డ్. ఆ పిల్లాడే తర్వాత పెద్ద దర్శకుడయ్యాడు. హాస్య చిత్రమే, నవ్విస్తుంది కూడా. కానీ తన గాజుతొట్టిలో చేప చచ్చి తేలడం చూసి ఎడ్డీ కేకలు పెట్టే ఘట్టం ఒకటుంది. అప్పటిదాకా బడికి వెళ్తూ, నాన్నతో పెద్దమనిషిలా కబుర్లు చెప్పిన పిల్లాడు ఒళ్లు తెలియకుండా అరుస్తాడు. తల్లి పోయిన దుఃఖమంతా ఆ చిన్న చేప దగ్గర బయటపడింది.

మీవాడు ‘ఐయామ్ ఓకే డాడీ’ అంటున్నాడని సంతోషపడుతూ రాశావే, అందుకే ఈ ఘట్టం గురించి చెబుతున్నాను. మనం బెంగపెట్టుకుంటామని పిల్లలు అలా అంటారు. మీ వదిన కూడా నేను వచ్చిన కొత్తలో ఎంతో మర్యాదగా ఉండేది. పెట్టింది తినేది, పిలిస్తే పలికేది. ఒకరోజు వాళ్లమ్మ పెట్టుకునే జడపిన్ను కనిపించలేదని ఇల్లంతా వెతికి, దొరక్క గుమ్మంలో కూలబడి ఏడ్చింది. మీ మామయ్య కంగారుపడి, కొత్తవి డజను కొనిస్తానన్నారు. నేను ఆయన్ని ఆగమని, దాని పక్కన కూర్చుని, మీ అమ్మ నీకు జడ ఎలా వేసేదో చెప్పమన్నాను. వెక్కుతూనే పాయపాయా చెప్పింది. ఆ సాయంత్రమే మొదటిసారి నన్ను తల దువ్వనిచ్చింది.

కాబట్టి ఇంట్లో కోడలి మాట ఎత్తుతూ ఉండు. ఫొటో ఉన్నచోటే ఉండనీ. ఆబ్దికం రోజున పిల్లాడిని స్కూలుకి పంపేసి నువ్వొక్కడివే కూర్చోకు, వాడిని పక్కన కూర్చోబెట్టుకో. ఆ ఇంటికి రేపు వచ్చే ఆమె కూడా ఆ ఫొటో చూసే రావాలి. చూసి వెనక్కి తగ్గితే అదీ నీకు మేలే.

సినిమాలో ఎడ్డీ కామిక్ పుస్తకాలు చదివి ఆడవాళ్లను కళ్లను బట్టి లెక్కగడతాడు: గుండ్రటి కళ్లయితే మంచివాళ్లు, సన్నటి కళ్లయితే చెడ్డవాళ్లు. మన పిల్లలకు ఆ పుస్తకాలు అక్కర్లేదు, చుట్టాలు చాలు. ‘పాపం, వచ్చే సవతి తల్లి ఎలా చూస్తుందో’ అని పిల్లాడు వింటుండగానే అనేస్తారు. వీడియో కాల్‌లో ఎవరైనా అలా అంటే అక్కడికక్కడే ఆపు. మీ నాన్నయినా సరే, నేనైనా సరే.

ఆ సినిమాతో నాకు పేచీ ఒక్కచోటే ఉంది. తండ్రికి తగిన మనిషిని వెతికే పని అందులో పిల్లాడిదే. ఎదురింటి నర్సు ఎలిజబెత్ వాడికి ఇష్టం, నాన్న పెళ్లాడదామనుకున్న రీటా అంటే పడదు. వేసవి క్యాంపు నుంచి పారిపోయి ఎలిజబెత్ దగ్గరికే వెళ్తాడు. చివరికి ఆవిడకు ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తండ్రికి నేర్పేదీ వాడే. తెరమీద ముచ్చటగా ఉంది. నీ ఇంట్లో మాత్రం వద్దు. ‘ఈ ఆంటీ నీకు నచ్చిందా, పెళ్లి చేసుకోనా’ అని వాడిని ఎప్పుడూ అడగకు. అవునంటే అమ్మకు ద్రోహం చేశాననుకుంటాడు, కాదంటే నాన్న ఒంటరిగా ఉండిపోవడానికి తనే కారణమనుకుంటాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు రెండూ మోయలేడు. నిర్ణయం నీది. వాడికి చెప్పు, వాడు చెప్పేది విను, ఆమెను కలిశాక వాడు ఎలా నిద్రపోతున్నాడో, ఏం తింటున్నాడో గమనించు. మీ ఇద్దరి మధ్య మాట గట్టిపడేవరకూ ఆమెను ఇంటికి తీసుకురాకు. ఒక తల్లిని పోగొట్టుకున్న పిల్లాడు, దగ్గరైన మనిషి మళ్లీ మాయమైతే తట్టుకోలేడు.

ఇక ఆమె సంగతి. ‘మా వాడికి తల్లి కావాలి’ అని మాత్రం ఆమెతో అనకు. నా పెళ్లి మాటల్లో అందరూ అదే అన్నారు. మీకేం కావాలని నేను మీ మామయ్యనే అడిగాను. రాత్రి అన్నం తిన్నాక మాట్లాడుకోవడానికి మనిషి కావాలన్నారు. ఆ మాట నచ్చే ఒప్పుకున్నాను. పిల్లాడిని ప్రేమించడం ఆమెకు ఉద్యోగంలా అప్పజెప్పకు. మొదట స్నేహంగా, న్యాయంగా ఉంటే చాలు. వాడు ఆమెను ఏమని పిలుస్తాడో వాడికే వదిలెయ్యి. మీ వదిన నన్ను ఈనాటికీ పిన్ని అనే పిలుస్తుంది, ఒంట్లో బాగాలేకపోతే ముందు నాకే ఫోన్ చేస్తుంది.

కాగితాల పని పెళ్లికి ముందే చూసుకో. నీ 401కె, అదే ఉద్యోగంలో రిటైర్మెంటు కోసం దాచుకునే డబ్బు, పిల్లాడి పేరున రాసి ఉన్నా, పెళ్లయిన తర్వాత ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అక్కడి చట్టం ప్రకారం అది సాధారణంగా భార్యకే వెళ్తుంది. అంతేకాదు, పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆమె వాడికి చట్టప్రకారం గార్డియన్ కాదు. వకీలును కలిసి విల్లు రాయించు, ఆమెకు తెలిసేలాగే రాయించు. కోడలి నగలు బ్యాంకు లాకర్లో ఉన్నాయి కదా, జాబితా రాసి పిల్లాడి అమ్మమ్మ చేత కూడా సంతకం పెట్టించు.

ఆ అమ్మమ్మ, తాతయ్యలకు ఈ సంగతి ఇంకెవరి నోటా తెలియకూడదు. కూతురిని పోగొట్టుకున్నవాళ్లు, ఇప్పుడు మనవడు కూడా దూరమవుతాడని భయపడతారు. ఈ ఆదివారమే నువ్వే ఫోన్ చెయ్యి. వేసవి సెలవుల్లో పిల్లాడిని ఎప్పటిలాగే తెనాలి పంపిస్తానని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పు. వాళ్లు ఏడిస్తే ఏడవనీ, ఫోన్ పెట్టేయకు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ అత్తయ్య